మా పెళ్ళికి వచ్చినందుకు

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, మా పిన్ని సంతకం దొంగతనంగా పెట్టాను. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు, పిన్నికి చెప్పలేదు, ప్రార్థన చేసుకునేటప్పుడు దేవుడికి కూడా పైకి చెప్పలేదు. పన్నెండో ఏట డైరీ రాయడం మొదలుపెట్టాను గాని, అందులో కూడా ఆ రోజు దగ్గరికి వచ్చేసరికి పక్కదారి పట్టి, వాన గురించో పిల్లి గురించో రాసి ఊరుకున్నాను. ఇవాళ రాస్తున్నాను.

మేము అప్పుడు ఈ పరాయి దేశంలో, సిటీకి దూరంగా ఉన్న పాపకూర అనే శివారులో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. అమ్మకు చెల్లెలు మా పిన్ని. ఆమెది ఒక రెస్ట్‌హోమ్‌లో పెద్దవాళ్ళను చూసుకునే పని. పెళ్ళయ్యేదాకా నా గదిలోనే రెండో మంచం మీద పడుకునేది. వీళ్ళిద్దరికీ అన్న మా మామయ్య. మా కుటుంబంలో ఈ దేశానికి అందరికంటే ముందు వచ్చింది ఆయనే. గుంటూరు దగ్గర మా ఊళ్ళో ఉన్నప్పుడు దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాసేవాడట. ఇక్కడికి వచ్చాక కోల్డ్ స్టోరేజీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపాడు. ఒక్కొక్కరినీ పిలిపించుకుని, ఇల్లు చూపించి, బస్సెక్కడం నేర్పి నిలబెట్టాడు. తాతయ్య లేడు కాబట్టి చెల్లెళ్ళిద్దరికీ తండ్రి కూడా ఆయనే.

మామయ్యకు తలుపు తట్టడం తెలియదు. మా ఇంటికి వస్తే వెనకవైపు నుంచే వచ్చేవాడు. బూట్లు విప్పుతూ విప్పుతూనే "ఏముందే తినడానికి?" అని కేకేసేవాడు. ఆ కేకతో ఇంట్లో ఆదివారం మొదలయ్యేది.

పిన్ని పెళ్ళి ఏప్రిల్ నెలలో జరిగింది. ఇక్కడ అది ఆకులు రాలే కాలం. ఫీజోవా పళ్ళు చెట్ల కింద పచ్చగా రాలిపడి, వీధి వీధంతా తియ్యటి వాసన వేసేది. ఆ రోజు నాకు ఇప్పటికీ నీళ్ళలోంచి చూస్తున్నట్టే కనబడుతుంది. చర్చి కిటికీ రంగులు పిన్ని తెల్ల చీర మీద పడి కదిలేవి. ఎవరో పాడుతున్నారు, ఎవరో చంటిపిల్లను ఊరుకోబెడుతున్నారు. నాకు జనమంటే బెరుకు. అందుకని పక్క హాల్లో భోజనాల బల్ల కింద, కిందిదాకా వేలాడే గుడ్డ చాటున చాలాసేపు కూర్చున్నాను. అక్కణ్ణుంచి నాకు చెప్పులే కనబడేవి. అన్నింటికంటే ఎక్కువసార్లు అటూ ఇటూ తిరిగినవి మామయ్య నల్ల బూట్లు.

హాలు గుమ్మం దగ్గర స్వాగతం బోర్డు రాసింది ఆయన. నూట యాభై మందికి బిర్యానీ వండింది ఆయన. వండి, చేతులు కడుక్కుని, కోటు తొడుక్కుని, పిన్ని చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించుకుని వెళ్ళి బాబాయి చేతిలో పెట్టింది ఆయన. రెస్ట్‌హోమ్ నుంచి వచ్చిన ముసలమ్మలను వ్యాన్‌లో జాగ్రత్తగా దించి వచ్చాడు. అందరూ వెళ్ళిపోయాక కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, హాలు తుడిచాడు. నేను బల్ల కింద నుంచి బయటికి వచ్చేసరికి తడిసిన నేల మీద సాయంకాలపు వెలుగు మెరుస్తోంది. ఆ మెరుపు మధ్యలో మామయ్య చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

పెళ్ళయ్యాక పిన్ని బాబాయితో కలిసి బోటనీ డౌన్స్‌లో ఫ్లాట్ తీసుకుని వెళ్ళిపోయింది. రెండు వారాలకు ఒక శనివారం పొద్దున మా ఇంటికి వచ్చింది, చేతిలో ఒక కార్డుల పెట్టెతో.

"చూడవే, నువ్వు నాకు హెల్ప్ చేయాలి. ఇక్కడివాళ్ళకి ఇది చాలా ఇంపార్టెంటంట. పంపకపోతే ఫీలవుతారంట."

రెస్ట్‌హోమ్‌లో పిన్నికి పైనున్న ఒక పెద్ద నర్సు, ఈ దేశపు ఆవిడే, పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పిందట. పెళ్ళికి కానుక ఇచ్చిన ప్రతివారికీ కార్డు రాయాలి. ఫోన్‌లో మెసేజ్ పెడితే సరిపోదు, చేత్తోనే రాయాలి. ఊరికే కానుక అని రాయకూడదు, ఏమిచ్చారో పేరు పెట్టి చెప్పాలి, దాన్ని ఎలా వాడుకుంటున్నారో ఒక్క వాక్యమైనా రాయాలి. పెళ్ళికి వచ్చి ఉంటే వచ్చినందుకు సంతోషం చెప్పాలి. కింద ఇద్దరి పేర్లూ ఉండాలి. ఇంకో సంగతి, ఆ కార్డులో కొత్తగా ఏమీ అడగకూడదు. పిన్ని ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెడుతూ, పరీక్షకు చదువుకున్న పాఠంలా అప్పజెప్పింది.

నా చేతిరాత బాగుంటుందని స్కూల్లో స్టిక్కర్ ఇచ్చేవాళ్ళు. అందుకని పిన్ని ఒక కాగితం మీద చిత్తుగా రాసి ఇస్తే నేను కార్డు మీద కుదురుగా ఎక్కించేదాన్ని. ఆమె కింద సంతకం పెట్టి, బాబాయి పేరు పక్కన చేర్చేది. పిన్ని సంతకం చివర్న చేపతోకలాంటి మెలిక ఒకటి ఉండేది. అన్నీ ఇంగ్లీషులోనే. నాకు తెలుగు వినడం వచ్చు, కొంచెం మాట్లాడటం వచ్చు, రాయడం చదవడం రావు.

ఆ పొద్దు ఎంత బాగుందో. కిటికీ అద్దం మీద సన్నటి వాన. బల్ల మీద కార్డులు రెక్కలు విప్పుకుని ఆరుతున్నాయి. ఒక్కో కార్డు రాస్తుంటే ఆ మనిషి వచ్చి నా ఎదురుగా కూర్చున్నట్టు ఉండేది. రెస్ట్‌హోమ్‌లో ఉండే ఒక ముసలావిడ, వణికే చేతులతో నీలం ఉన్ని దుప్పటి అల్లి ఇచ్చింది. బాబాయి ఆఫీసు అబ్బాయిలు నలుగురు కలిసి టోస్టర్ ఇచ్చారు. మా పక్కింటి తాత, భార్య పోయి ఒక్కడే ఉండే ఆయన, పక్షుల బొమ్మలున్న వంటింటి తువ్వాళ్ళు ఇచ్చాడు. "మీ తువ్వాలుతో రోజూ కప్పులు తుడుచుకుంటున్నాం" అని ఆయనకు రాశాను. అలా ఒక చిన్న సంగతిని పట్టుకుని థాంక్యూ చెప్పడం నాకు భలే నచ్చింది.

ఎవరెవరికి రాయాలో పిన్ని ఒక జాబితా వేసుకుంది. రెస్ట్‌హోమ్ వాళ్ళు, బాబాయి ఆఫీసువాళ్ళు, ఇరుగుపొరుగు. చివరిదాకా వెతికాను. మామయ్య పేరు లేదు.

"మరి మామయ్యకి?" అన్నాను.

పిన్ని పగలబడి నవ్వింది. "మామయ్యకి కార్డేంటే పిచ్చిమొద్దూ! మనింట్లో మనకి థాంక్యూలేంటి?"

నవ్వుతూనే చెవులకు రింగులు పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. కవర్ల మీద అడ్రసులు రాసి, సాయంత్రం అమ్మతో వెళ్ళి పోస్టు చేయడం నా పని. అన్నీ అయ్యాక పెట్టెలో ఒక్క కార్డు మిగిలింది. మొత్తం కార్డుల్లో అదే అందమైంది. ఎర్రటి పొహుతుకావా పువ్వులు, వెనక సముద్రం. అది మిగిలిపోవడం నాకు న్యాయంగా అనిపించలేదు. టోస్టర్ ఇచ్చినవాళ్ళకు కార్డు వెళ్తోంది. గాజు గ్లాసులు ఇచ్చినవాళ్ళకు వెళ్తోంది. తడి నేల మీద చీపురుతో నిలబడిన మనిషికి ఏమీ వెళ్ళడం లేదు.

ఆ కార్డు నా ముందుకు లాక్కున్నాను. ఏం రాయాలో తెలియలేదు. నా సొంత మాటలు నాకు లేవు. పిన్ని చిత్తుకాగితం పక్కనే ఉంది. దాన్ని చూసి రాసేశాను. 'మా పెళ్ళికి వచ్చినందుకు, మీరిచ్చిన మంచి కానుకకు మా ఇద్దరి హృదయపూర్వక ధన్యవాదాలు. మీరు రావడం మాకెంతో సంతోషం కలిగించింది.' మామయ్య ప్యాక్ చేసి ఇచ్చిన కానుక ఏదీ లేదు కాబట్టి దాని పేరు రాయలేదు. కింద పిన్ని పేరు, చేపతోక మెలికతో సహా. పక్కన బాబాయి పేరు. కవరు మీద మిస్టర్ అండ్ మిసెస్ అని, వాళ్ళ ఇంటిపేరు. మూలమీది డెయిరీ కొట్టు ముందున్న పోస్టు డబ్బాలో మిగిలిన కవర్ల మధ్య దాన్ని కూడా జారవిడిచాను. అది లోపల పడిన చప్పుడు విని గుండె తేలికైపోయింది.

తర్వాత నాలుగైదు రోజులు నేను కలలో తిరిగినట్టు తిరిగాను. మామయ్య కవరు చింపుతాడు, పువ్వులు చూస్తాడు, కళ్ళజోడు పెట్టుకుని చదువుతాడు, అత్తయ్యను పిలిచి చూపిస్తాడు. ఆ దృశ్యాన్ని స్కూల్లో లెక్కల క్లాసులో కూడా చూసుకునేదాన్ని. పక్కింటి తాత తన కార్డు అందిన రోజు కంచె దగ్గరికి వచ్చి, సంచీ నిండా ఫీజోవా పళ్ళిచ్చి, తనకు పోస్టులో బిల్లులు కాకుండా వేరేది వచ్చి చాలాకాలమైందని అమ్మతో చెప్పాడు. ఆ కార్డు చాలా ఏళ్ళు ఆయన వంటింటి కిటికీలో నిలబడి ఉండేది.

ఆ ఆదివారం మామయ్య చర్చిలో చివరి వరసలో కూర్చున్నాడు. ఆరాధన అవగానే వెళ్ళిపోయాడు. మా ఇంటికి భోజనానికి రాలేదు. తరవాతి ఆదివారం కూడా రాలేదు.

మంగళవారం సాయంత్రం అత్తయ్య ఫోన్ చేసింది. అమ్మ చేపముక్కలు వేయిస్తూ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి గట్టు మీద ఉంచింది. నేను ఫ్రిజ్ పక్కన నిలబడి ఉన్నాను.

"నాకు తెలీక అడుగుతాను అమ్మాయ్. 'మా పెళ్ళికి వచ్చినందుకు థాంక్యూ' అంట. ఎవరు ఎవరి పెళ్ళికి వచ్చారు? మీ అన్నయ్య ఆ పెళ్ళికి వచ్చారా, ఆ పెళ్ళి చేశారా?"

"ఏంటి వదినా, ఏం జరిగింది?"

"మిస్టర్ అండ్ మిసెస్ అని రాసి కార్డు పంపింది మీ చెల్లెలు. గిఫ్టుకి థాంక్సంట. మనం ఏం గిఫ్టిచ్చామే అని నన్ను అడుగుతున్నారు మీ అన్నయ్య. పది రోజుల్నించీ అదే అడుగుతున్నారు. చేత్తో పట్టుకుని నడిపించిన మనిషిని తీసుకెళ్ళి ఆఫీసువాళ్ళ లైన్లో నిలబెట్టింది. ఇంకేం రావాలి మేం? పిలుపొస్తే చుట్టాల్లాగా వస్తాం, తినేసి పోతాం."

"అది అట్లా అని ఉండదు వదినా..."

"రాసిన కాగితం నా చేతిలోనే ఉందమ్మా."

చేపముక్క మాడుతున్న వాసన వచ్చింది. అమ్మ పొయ్యి ఆపింది. నాకు మాత్రం ఫ్రిజ్ మోత తప్ప ఇంకేమీ వినబడలేదు. పక్కింటి తాతను కంచె దాకా నడిపించి తెచ్చిన మాటలే మా మామయ్యను గుమ్మం అవతలికి పంపేశాయి. అదెలా జరిగిందో ఆ రోజు నాకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ చేసింది నేనేనని మాత్రం అర్థమైంది. మామయ్య ఇక మా ఇంటికి రాకపోతే అది నా వల్లే.

మర్నాడు సాయంత్రం పిన్ని వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది. అమ్మ ఆమెను కూర్చోనివ్వలేదు.

"అన్నయ్యకి కార్డు పంపావా? బుద్ధుందా అసలు నీకు?"

"కార్డా? నేనా? నేనే..."

అంటూ పిన్ని తల తిప్పింది. నేను నడవాలో మేజోళ్ళతో నిలబడి ఉన్నాను. ఆమె చూపు నా మీద ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. ఒక ఊపిరి తీసుకునేంత సేపు అయి ఉంటుంది. నాకు మాత్రం అది ఇప్పటికీ పూర్తికాలేదు.

"అవునక్కా," అంది పిన్ని. "అన్నీ రాస్తూ రాస్తూ అదీ రాసేశాను. నాదే పొరపాటు."

ఆ తరవాత అమ్మ అన్న మాటలన్నీ పిన్ని తల వంచుకుని పడింది. పెళ్ళయ్యాక పెద్దదొరసానివయ్యావని అమ్మ అంది. అత్తారిల్లు దొరికితే అన్న గుర్తుండడని అంది. నేను నోరు తెరవాలి. నాలుగడుగులు వేసి 'పిన్ని కాదు' అనాలి. నా నాలుక మీద ఆ మాట కూర్చునే ఉంది. కానీ అది లేవలేదు. అందరూ నన్ను సిగ్గరి అంటారు. ఆ సాయంత్రం నన్ను ఆపింది మాత్రం సిగ్గు కాదు, భయం.

శనివారం పొద్దున పిన్ని కారేసుకుని వచ్చి, "దీన్ని నాతో పంపించు, అన్నయ్య దగ్గరికి వెళ్ళొస్తాం" అంది అమ్మతో.

పిన్నికి అప్పటికి డ్రైవింగ్ కొత్త. రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ముక్కు అద్దానికి ఆనించినంత దగ్గరగా కూర్చునేది. మామయ్య ఇల్లు పాపకూర చివర, కొండల వైపు. ఆ దారిలో పొలాల మీద పొగమంచు పరుచుకుని ఉంది. గుర్రాలకు కాళ్ళు కనబడడం లేదు. అవి మంచులో తేలుతున్నట్టున్నాయి. మేము కూడా అలాగే నేల మీద లేకుండా వెళ్తున్నట్టు అనిపించింది. పిన్ని ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని ఒళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆమె కార్డు మాటే ఎత్తలేదు.

"ఒక మాట చెప్తా విను," అంది. "అక్కడికెళ్ళి సారీ చెప్పకు. నేనూ చెప్పను. థాంక్యూ అని పొరపాటున కూడా అనకు."

"మరి ఏం అనాలి?"

"అడగాలి. మావయ్యని ఏదైనా అడగాలి. నేను చాలా అడుగుతా. నువ్వు ఒక్కటన్నా అడుగు. ఊరికే నోటికొచ్చింది కాదు, నీకు నిజంగా కావాల్సింది."

ఎవరినైనా ఏదైనా అడగడం నాకు అన్నిటికంటే కష్టం. స్కూల్లో పెన్సిల్ మొన విరిగితే పక్క పిల్లను షార్ప్‌నర్ అడగలేక, ఆ మొండిదానితోనే రాసేదాన్ని. ఆ సంగతి పిన్నికి తెలుసు. తెలిసే చెప్పింది.

మేము అలవాటుగా పెరటి వైపు వెళ్ళాం. వెనక తలుపు గడియ వేసి ఉంది. పిన్ని ఆ తలుపు వంక చూసి, నా చెయ్యి పట్టుకుని ఇంటి ముందుకు నడిచింది. మా మామయ్య ఇంటి గంట మోగించడం అదే మొదటిసారి.

ఇస్త్రీ చొక్కా వేసుకుని మామయ్య తలుపు తీశాడు.

"రండి, రండమ్మా. కూర్చోండి."

మా పిన్నిని ఆయన ఎప్పుడూ 'రావే పోవే' అనే పిలిచేవాడు. పాస్టర్‌గారు వస్తే తప్ప ఎవరూ కూర్చోని ముందుగది సోఫాలో మమ్మల్ని కూర్చోబెట్టాడు. అత్తయ్య సాసర్లు పెట్టి, ట్రేలో టీ తెచ్చింది. పిన్నికి మూడు చెంచాల పంచదార కావాలని ప్రపంచమంతా ఎరుగును.

"షుగర్ ఎంత వేయమంటారు?" అంది అత్తయ్య.

పిన్ని ముఖం ఎర్రబడింది. అయినా నవ్వి, "మూడు వదినా" అంది. టీవీ పక్కన, ఎవరొచ్చినా కనబడేలా, ఎర్రపువ్వుల కార్డు నిలబెట్టి ఉంది. నేను దాని వంక చూడకుండా ఉండటానికి కార్పెట్ మీద గళ్ళు లెక్కపెట్టాను.

"అక్కడే పెట్టామమ్మా," అంది అత్తయ్య. "నలుగురికీ చూపించాలిగా, మాకూ కార్డొచ్చిందని."

పిన్ని టీ మొత్తం తాగింది. కప్పు కింద పెట్టి, లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచింది. "వదినా, నిమ్మకాయ పచ్చడి ఏది? నేనొస్తున్నానని దాచేశావా? ఆ, దొరికింది. ఈ సీసా నేను తీసుకెళ్తున్నా." సీసా చంకలో పెట్టుకుని వచ్చి మామయ్య ఎదురుగా నిలబడింది. "అన్నయ్యా, మా హాల్లో కర్టెన్ రాడ్డు ఊడిపోయింది. రేపు చర్చి అయ్యాక వచ్చి బిగించాలి."

"మీ ఆయన ఉన్నారుగా."

"ఆయన చేతికి డ్రిల్లిస్తే రాడ్డు కాదు, గోడ పోతుంది."

"అయితే పనివాణ్ణెవర్నైనా పిలిపించుకోండి. అయ్యాక ఒక థాంక్యూ కార్డు ఇస్తే సరిపోతుంది."

అత్తయ్య నవ్వాపుకోలేక ముఖం పక్కకు తిప్పుకుంది. పిన్ని వెనక్కి తగ్గలేదు. "నాకు పనివాడొద్దు. నువ్వే రావాలి. వచ్చేటప్పుడు కీమా వండుకుని తీసుకురా."

"రాడ్డూ నేనే బిగించి, కూర కూడా నేనే వండుకుని రావాలా?"

"మరి? నాకు నీలాగ రాదుగా."

"సిగ్గు లేదే నీకు?" అన్నాడు మామయ్య.

గొంతు అంతలోనే పాత గొంతు అయింది. పిన్ని కళ్ళు నిండిపోయాయి. కానీ మామయ్య ఇంకా పూర్తిగా కరగలేదు. లేచి వెళ్ళి టీవీ పక్కనున్న కార్డు తీశాడు. మళ్ళీ ఒకసారి చదివాడు. చదివి, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"ఇది రాసేటప్పుడు నీ మనసులో ఏముందే?"

అది రాసింది పిన్ని కాదు కదా. పచ్చడి సీసా చేత్తో అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది. బయట మంచు విడిపోయి, కిటికీలోంచి పల్చటి ఎండ సోఫా మీదికి వచ్చింది. ఆయన అడిగినదానికి జవాబు ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. అన్ని కార్డుల్లోకీ అందమైంది నీకే రావాలనుకున్నాను, నా మనసులో అదే ఉంది. అంత మాట నాకు తెలుగులో రాదు. ఇంగ్లీషులో చెబితే మళ్ళీ ఏమవుతుందోనని భయం.

"మామయ్యా," అన్నాను. నా గొంతు నాకే ఎక్కడి నుంచో వినబడింది. "నాకు తెలుగు రాయడం నేర్పిస్తావా?"

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"తెలుగా? ఎందుకే నీకు?"

"నీకు లెటర్ రాయాలి. ఇంగ్లీషులో... సరిగ్గా రావట్లేదు."

మామయ్య చేతిలో కార్డు వంక చూశాడు. నా వంక చూశాడు. పిన్ని పచ్చడి సీసా మూత బిగించుకుంటూ ఉంది, అది ముందే బిగించి ఉన్నా. మామయ్య కార్డును సొరుగులో పెట్టి మూశాడు. గరాజ్‌లోకి వెళ్ళి, కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చుకున్న అట్టపెట్టె ఒకటి చింపి, లావుపాటి నల్ల మార్కర్‌తో తిరిగి వచ్చాడు. కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అట్ట మీద నా చెయ్యంత 'అ' రాశాడు.

"రాయి. వేళ్ళు కాదే, మణికట్టు తిప్పాలి. ముద్ద కలిపినట్టు తిరగాలి చెయ్యి."

ఆయన అరచెయ్యి నా చేతి మీద వేశాడు. చలిగదుల్లో పనిచేసి చేసి ఆ అరచెయ్యి బరకగా ఉండేది. మేమిద్దరం కలిసి 'అ' చుట్టాం. అత్తయ్య అన్నానికి ఎసరు పెట్టింది, మమ్మల్ని ఉంటారా అని అడగకుండానే. భోజనం చేసి, సాయంత్రం మేము వెనక తలుపులోంచి బయటికి వచ్చాం. మర్నాడు మామయ్య కీమా గిన్నె, డ్రిల్లు పట్టుకుని బోటనీ డౌన్స్ వెళ్ళాడని, వంటిల్లు చూసి పిన్నిని గంటసేపు తిట్టాడని అమ్మ చెప్పింది. ఆ తిట్ల సంగతి చెబుతూ అమ్మ ఎంతో సంబరంగా ఉంది.

ఆ తరవాత రెండేళ్ళు శనివారాలన్నీ నావే. అట్టపెట్టెలు చింపి ఒత్తులు దిద్దాం, గుణింతాలు దిద్దాం. ఆయన అటకెక్కించిన పాత పుస్తకాలు నేను చదవడం మొదలుపెట్టాను. ఎవరూ చూడకుండా చదువుకోవడం నాకు అప్పుడు అలవాటైంది. డైరీ తెలుగులో రాస్తాను. ఆఫీసులో మధ్యాహ్నం బల్ల మీద తెరిచి ఉంచినా ఎవరికీ అర్థం కాదన్న ధీమా ఒకటి. బోర్డుల మీద అక్షరం చూసి రాసిన చెయ్యి ఎవరిదో రోడ్డు అవతల నుంచి చెప్పగలిగేవాడట మామయ్య. ఆ కార్డు మీది రాత ఎవరిదో నా మొదటి అట్ట నిండేలోపే ఆయనకు తెలిసిపోయి ఉండాలి. ఆయన అడగలేదు. పిన్ని అడగలేదు. నేను చెప్పలేదు.

కార్డులంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. సిటీ సెంటర్లో మా ఆఫీసులో ఎవరు ఏ చిన్న సాయం చేసినా, ఆ నర్సమ్మ చెప్పిన పద్ధతిలో, చేత్తో, పేరు పెట్టి రాస్తాను. ఎడంగా ఉన్నవాళ్ళను ఒక అడుగు దగ్గరికి పిలవడానికి అంత అందమైన దారి నాకు ఇంకొకటి కనబడలేదు. మనవాళ్ళ దగ్గర మాత్రం పిన్ని చెప్పిన పద్ధతి. నా చేతులు బాగానే ఉన్నా, వెళ్ళినప్పుడల్లా అమ్మను తలకు నూనె పెట్టమంటాను. బాబాయి కారు నాకు కావాలంటాను. అడగబోయే ముందు ఇప్పటికీ మనసులో రెండుసార్లు అనుకుని చూసుకుంటాను. అడిగాక వాళ్ళ ముఖంలో వెలిగే విసుగును చూడటం కోసం అడుగుతాను.

అయితే ఇన్నేళ్ళలో మామయ్య ఎవరినీ ఏమీ అడగలేదు. ఉద్యోగం మానేసినా, కొడుకులిద్దరూ వేరే ఊళ్ళకు వెళ్ళినా, అత్తయ్య మోకాళ్ళు నొప్పులని కూర్చున్నా, తన పని తనే చేసుకునేవాడు. ఇచ్చేవాడికి అడగడం చేతకాదేమో అనుకునేదాన్ని. మొన్న శనివారం వెళ్ళి, కబుర్లు చెప్పి, సాయంత్రం వెనక మెట్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాను. మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. చిన్నప్పుడు నేను ఎలా ఆగేదాన్నో అలాగే. తలెత్తి చూశాను. కొండల వైపు చూస్తూ అన్నాడు.

"ఏమే, వచ్చే గురువారం నా కంటికి ఆపరేషను. ఆఫీసుకి లీవు పెట్టి నువ్వే తీసుకెళ్ళాలి. కట్టు విప్పిందాకా పక్కన కూర్చుని ఏదన్నా చదివి పెట్టాలి కూడా. ఇంకెవర్ని అడగను నేను?"